ఐపీసు కొనబోయే ముందు నాలుగొందల ఏళ్ళ చరిత్ర

పక్షుల ఫోటోలు తియ్యడం డబ్బున్న మారాజుల వ్యవహారం అని మనలో చాలామందికి ఒక గట్టి నమ్మకం. పూర్తిగా తప్పని కూడా అనలేం. 600 మి.మీ. ఎఫ్/4 లెన్సు ధర చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. ఆ డబ్బుకి ఓ చిన్న కారొస్తుంది.

అయితే దీనికో దొడ్డిదారి ఉంది. దూరంగా ఉన్న పిట్టల్ని చూడ్డానికి వాడే స్పాటింగ్ స్కోపు వెనకాల మామూలు కెమెరానో, ఫోనో పెట్టి ఫోటో తియ్యడం. దీన్నే డిజిస్కోపింగ్ అంటారు. ఆఫీసులో నాలాగే పక్షుల పిచ్చి పట్టిన ఇద్దరు ముగ్గురు స్నేహితులు స్కోపు దాకా వచ్చి ఆగిపోయి అడిగే ప్రశ్న ఒకటే: "బాసూ, దీనికి ఏ ఐపీసు కొనమంటావు? తక్కువలో చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. కానీ అలా చెబితే వాళ్ళు నమ్మరు, ఎందుకంటే కొట్టువాడు దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతాడు. పైగా ఐపీసుల మీద ఉండే పేర్లు - హైగెన్స్, కెల్నర్, ప్లోజెల్, నాగ్లర్ - ఇవేవీ కంపెనీలు కావు, మనుషుల పేర్లు. ఒక్కొక్కరూ తమ ముందువాడు వదిలేసిన ఒక్కో తలనొప్పిని తీర్చినవాళ్ళు. ఆ తలనొప్పి మన కెమెరాకి ఉందా లేదా అన్నది తెలిస్తే దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టక్కర్లేదో తెలిసిపోతుంది. అందుకని ముందు కాస్త చరిత్ర.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. దుర్భిణికి రెండు కటకాలు. వస్తువు వైపుండేది వస్తు కటకం, కంటి వైపుండేది అక్షి కటకం. ఆ అక్షి కటకమే మన కథానాయిక.

1608లో హాలండులో హాన్స్ లిపర్షే అనే కళ్ళద్దాల వ్యాపారి దుర్భిణికి పేటెంటు ఇమ్మని అర్జీ పెట్టుకున్నాడు. మరుసటేడు గెలీలియో సంగతి విని తనే ఒకటి తయారు చేసుకున్నాడు. ఆయన అక్షి కటకం పుటాకారం, అంటే మధ్యలో పల్చగా అంచుల్లో మందంగా ఉండేది. దీనివల్ల బొమ్మ నిటారుగా కనిపిస్తుంది, అది లాభం. నష్టం ఏంటంటే, సందులోంచి చూసినట్టు చాలా కొంచెమే కనపడుతుంది. సుమారు 20 రెట్లు పెద్దది చేసే దుర్భిణితో గెలీలియోకి చందమామలో సగం మాత్రమే ఒకసారికి కనిపించేది. ఆ మనిషి ఆ సందులోంచే గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రుల్ని పట్టుకున్నాడంటే దణ్ణం పెట్టాల్సిందే.

మన లెక్కలో దీనికి ఇంకో పెద్ద లోపం ఉంది. ఏ దుర్భిణిలోనైనా లోపలికొచ్చిన వెలుగంతా బయటికొచ్చేటప్పుడు ఒకచోట చిన్న గుండ్రటి చుక్కలా పోగవుతుంది. దాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. కంటిపాప సరిగ్గా అక్కడుంటేనే దృశ్యమంతా కనిపిస్తుంది. గెలీలియో పద్ధతిలో ఈ చుక్క గొట్టం లోపలే ఎక్కడో ఉంటుంది. కంటిని అక్కడికి తీసుకెళ్ళలేం, కెమెరాని అంతకన్నా తీసుకెళ్ళలేం.

1611లో కెప్లర్ తన "డయాప్ట్రిస్" పుస్తకంలో దీనికి మందు చెప్పాడు. పుటాకారం బదులు కుంభాకార కటకం పెట్టమన్నాడు. బొమ్మ తలకిందులవుతుంది, పోతే పోనీ. ఎగ్జిట్ ప్యూపిల్ మాత్రం గొట్టం బయటికొస్తుంది. ఎక్కువ మేర కనపడుతుంది. కెప్లర్ కాగితం మీద గీసి వదిలేశాడు; క్రిస్టఫ్ షైనర్ అనే జెసూట్ మతగురువు దాన్ని నిజంగా కట్టించి, సూర్యుడి బొమ్మని దుర్భిణి వెనకాల కాగితం మీద పడేలా చేసి సూర్యబింబం మీది మచ్చల్ని గీసుకున్నాడు. అంటే అక్షి కటకం వెనకాల కన్ను కాకుండా వేరేదేదో పెట్టడం అనే ఆలోచన దాదాపు దుర్భిణి అంత పాతదే. ఆయన కాగితం పెట్టాడు, మనం ఫోను పెడుతున్నాం.

అక్కణ్ణుంచి అసలు పోరాటం మొదలైంది. ఒకే కటకంతో చూస్తే వస్తువుల అంచుల్లో రంగులు చిమ్ముతాయి. 1660ల్లో డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ రెండు మామూలు కటకాల్ని తగినంత ఎడంగా పెడితే ఒకటి చేసే తప్పుని రెండోది సరిదిద్దుతుందని కనిపెట్టాడు. ఖరీదైన గాజు అక్కర్లేదు, దూరం కుదిరితే చాలు. కోడు రాసేవాళ్ళకి ఇలాంటి పరిష్కారం చూస్తే మహా ముచ్చటేస్తుంది. దుష్ఫలితం ఏమంటే, హైగెన్స్ ఐపీసుకి కంటిని బాగా దగ్గరగా ఆనించాలి. పైగా వస్తు కటకం పొడుగ్గా సన్నగా ఉన్న దుర్భిణులతోనే అది సరిగ్గా పనిచేస్తుంది. ఇప్పటి పొట్టి స్కోపులకి పెడితే అంతా మసక.

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనుకునేరు. పిల్లల కోసం అమ్మే బొమ్మ టెలిస్కోపుల్లో ఐపీసు మీద "హెచ్" అనే అక్షరం ఉందేమో చూడండి. ఉంటే అది హైగెన్స్ గారిదే. "ఎస్సార్ 4 మి.మీ." అని ఉంటే 1780ల్లో లండన్లో జెస్సీ రామ్స్‌డెన్ చేసినదాని వారసురాలు. రామ్స్‌డెన్ ఐపీసులో బొమ్మ ఏర్పడే తలం కటకాల బయట ఉంటుంది కాబట్టి అక్కడ సన్నటి అడ్డుతీగలు బిగించొచ్చు. అందుకే భూమి కొలిచే సర్వే పరికరాలకి అది బాగా పనికొచ్చింది. పిట్టల ఫోటోకి మాత్రం ఈ రెంటినీ దూరంగా పెట్టండి.

తర్వాతి మనిషి కార్ల్ కెల్నర్. జర్మనీలో వెట్జ్‌లార్ ఊళ్ళో 1849లో, తన ఇరవై మూడో ఏట, ఒక చిన్న కార్ఖానా పెట్టుకున్నాడు. కంటి వైపుండే కటకాన్ని రెండు రకాల గాజులు అతికించి చేస్తే రంగులు చిమ్మడం బాగా తగ్గుతుందని చూపించాడు. 1855లో, 29 ఏళ్ళకే పోయాడు. నా వయసు ఇంచుమించు అదే కావడంతో ఈ సంగతి చదివినప్పుడు మనసు ఒకలా అయిపోయింది. ఆయన కార్ఖానా మాత్రం నిలబడింది. 1869లో అది ఎర్నెస్ట్ లైట్స్ చేతికొచ్చింది. 1925లో ఆ లైట్స్ కంపెనీయే చేతిలో పట్టే చిన్న కెమెరా ఒకటి బజార్లోకి తెచ్చింది. లైట్స్ కెమెరా కాబట్టి పేరు లైకా. ఐపీసు కోసం పెట్టిన కొట్టు కెమెరా చరిత్రనే మార్చేసిందన్నమాట.

1860లో వియన్నాలో గియోర్గ్ సైమన్ ప్లోజెల్ ఇంకో అడుగు ముందుకేసి, ఒకటి కాదు, రెండు కటకాల్నీ అలా జంట గాజులతో చేశాడు. 1880లో జీస్ కంపెనీలో ఎర్నెస్ట్ అబ్బే గీతలు వంకర పోకుండా చూపించే ఆర్థోస్కోపిక్ ఐపీసు చేశాడు. మొదటి ప్రపంచయుద్ధం కాలంలో హైన్రిక్ ఎర్ఫ్లే సైన్యం అవసరాల కోసం బాగా వెడల్పుగా చూపించేది తయారు చేశాడు.

ఇక్కడొక అడ్డంకి వచ్చింది. పూత లేని గాజు మీద పడిన వెలుగులో ప్రతి ఉపరితలం దగ్గరా 4 శాతం వెనక్కి పోతుంది. ప్లోజెల్లో గాలి తగిలే ఉపరితలాలు నాలుగు, అంటే 15 శాతం నష్టం. ఎనిమిది ఉపరితలాలుంటే 28 శాతం పోతుంది. పోయిన వెలుగు ఊరుకోదు, లోపల్లోపలే తిరిగి పొగమంచులా కమ్ముతుంది. అందుకని ఎన్ని కటకాలు పేర్చాలనున్నా మనసు చంపుకోవాల్సి వచ్చేది. 1935లో జీస్ కంపెనీలోనే అలెగ్జాండర్ స్మకులా గాజు మీద పల్చటి పూత పూసి ఈ ప్రతిబింబాల్ని అణిచే పద్ధతి కనిపెట్టాడు. మన ఫోన్లు, కళ్ళద్దాలు, కెమెరాల మీద మెరిసే ఊదా పచ్చ రంగుల పూతలకి ముత్తాత ఇదే. దాంతో కటకాలు పేర్చడానికి తలుపులు తెరుచుకున్నాయి.

ఆ తలుపుల్లోంచి పరుగెత్తుకొచ్చినవాడు ఆల్ నాగ్లర్. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద దిగడం సాధన చేసిన సిమ్యులేటర్ కోసం దృశ్య పరికరాల మీద పనిచేసిన ఇంజినీరు. కిటికీలోంచి చూసినట్టు వెడల్పుగా కనపడాలి అన్న ఆ పని రుచి ఆయన్ని వదల్లేదు. 1977లో టెలివ్యూ అనే కంపెనీ పెట్టి, కొన్నేళ్ళకే 82 డిగ్రీల మేర చూపించే ఐపీసు తెచ్చాడు. అందులో కన్ను పెడితే గొట్టంలోంచి చూస్తున్నట్టే ఉండదు. ఖరీదూ, బరువూ కూడా అలాగే ఉంటాయి.

ఇంతవరకూ కథలో గమనించాల్సింది ఒకటుంది. నాలుగొందల ఏళ్ళ ఈ పరుగంతా మనిషి కన్ను కోసం. కన్ను అటూ ఇటూ తిరుగుతుంది, అంచుల్లో కూడా స్పష్టంగా చూడాలనుకుంటుంది, వెడల్పు కావాలంటుంది. డబ్బంతా ఆ వెడల్పుకీ, ఆ అంచులకీ పోతోంది. మరి కెమెరా సంగతేంటి?

1999లో మలేషియాకి చెందిన లారెన్స్ పో అనే పక్షి ప్రేమికుడు ఒక చిన్న డిజిటల్ కెమెరాని స్కోపు ఐపీసుకి ఆనించి నొక్కి చూశాడు. దాదాపు యాదృచ్ఛికమే. ఫోటో అనుకున్నదానికన్నా ఎంతో బాగా వచ్చింది. పో దాన్ని దాచుకోలేదు, అందరికీ చెప్పాడు. ఫ్రాన్సు పక్షి శాస్త్రజ్ఞుడు అలెన్ ఫోసే దానికి డిజిస్కోపింగ్ అని పేరు పెట్టాడు. ఫిల్ము కెమెరాలతో ఇలాంటి ప్రయత్నాలు అంతకుముందూ జరిగాయి. కానీ ఫిల్ములో 36 నొక్కులకి డబ్బు పోసి, కడిగించుకుని, అన్నీ మసకే అని తెలుసుకోవాలి. డిజిటల్లో వందసార్లు నొక్కి తొంభై తొమ్మిది పారేసినా ఖర్చు సున్నా. తక్షణం ఫలితం కనిపించడమే ఈ విద్యని బతికించింది.

ఆ రోజుల్లో ఈ పనికి పేరు మోసిన కెమెరా నికాన్ కూల్‌పిక్స్ 950. కేవలం 2 మెగాపిక్సెళ్ళు! దాని తర్వాత 990, 995, 4500 కూడా అదే బాటలో వచ్చాయి. వాటికన్నా గొప్ప కెమెరాలుండగా ఇవే ఎందుకంటే: లెన్సు చిన్నది, జూమ్ చేస్తే బయటికి పొడుచుకు రాదు, పైగా ముందు 28 మి.మీ. మర ఉండటంతో ఐపీసుకి బిగించడం తేలిక. చిన్న లెన్సు కాబట్టి ఐపీసు నుంచి వచ్చే ఆ వెలుగు చుక్క దగ్గరికి చేరగలిగేది. పెద్ద పెద్ద ఎసెల్లార్లు లెన్సు లోపలెక్కడో ఉండే రంధ్రాన్ని ఆ చుక్క దాకా తేలేక, చుట్టూ నల్లటి వలయంతో ఫోటోలు తీసేవి.

ఆ కూల్‌పిక్సులు ఎప్పుడో పోయాయి. కానీ చిన్న లెన్సు, పొడుచుకు రానిది, రంధ్రం ముందువైపే ఉన్నది అనే మూడు గుణాలూ ఇవాళ ఎక్కడున్నాయో చూడండి. మీ జేబులో ఉన్న ఫోన్లో!

ఇప్పుడు ఐపీసు దగ్గరికొద్దాం. లెక్కలు చాలా సులువు. స్కోపు వస్తు కటకం నాభ్యంతరాన్ని ఐపీసు నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. ఉదాహరణకి 80 మి.మీ. వెడల్పు, 480 మి.మీ. నాభ్యంతరం ఉన్న స్కోపుకి 25 మి.మీ. ఐపీసు పెడితే 19 రెట్లు. ఫోన్లో 2 రెట్ల జూమ్ పెడితే అది పాత ఫిల్ము లెక్కలో సుమారు 52 మి.మీ. లెన్సుతో సమానం. రెండూ గుణిస్తే దాదాపు 1000 మి.మీ. కారు ఖరీదు లెన్సు ఇచ్చేది 600. నాణ్యతలో రెండూ ఒకటే అని నేననను. ఎగిరే పిట్టని దీంతో పట్టడం దాదాపు అసాధ్యం, ఫోకసు మన చేత్తోనే తిప్పుకోవాలి. కానీ చెరువు మధ్య నిలబడ్డ కొంగకి ఇది ధారాళంగా సరిపోతుంది.

వెడల్పు సంగతి. 52 మి.మీ. లెన్సు చూసే మేర మూలకి మూల 45 డిగ్రీలు. మామూలు ప్లోజెల్ చూపించేది 50 డిగ్రీలు. అంటే కెమెరాకి కావలసిందంతా 1860 నాటి డిజైనులోనే ఉంది. 82 డిగ్రీల ఐపీసు పెడితే మిగతాదంతా ఫ్రేము బయటికి పోతుంది, దాని తాలూకు డబ్బుతో సహా. కంటికి కెల్నర్ అంచులు మసగ్గా కనపడతాయని జనం తిడతారు గానీ, జూమ్ చేసినప్పుడు ఆ అంచులు ఫోటోలోకి రానే రావు.

ఎక్కువ రెట్లు అనే మోజు ఇంకా ప్రమాదం. పెట్టె మీద "20-60" అని చూడగానే అందరి చూపూ 60 మీదే పడుతుంది. వెలుగు చుక్క వెడల్పు అంటే స్కోపు వెడల్పుని రెట్లతో భాగించడమే. 19 రెట్ల దగ్గర అది 4 మి.మీ. పైనే, ఫోను లెన్సు రంధ్రం సుమారు 3 మి.మీ. ఉంటుంది కాబట్టి నిండుగా వెలుగు. 60 రెట్ల దగ్గర చుక్క 1.3 మి.మీ. మాత్రమే. ఫోనుకి అందే వెలుగు దాదాపు ఐదోవంతుకి పడిపోతుంది. సెకండులో 500వ వంతు చాలిన చోట 100వ వంతు కావాలి. అదే సమయంలో గాలికి స్కోపు వణికే వణుకు మూడింతలు పెద్దగా కనిపిస్తుంది. వెలుగు తక్కువ, వణుకు ఎక్కువ. ఇక ఫోటో ఎక్కడిది?

జూమ్ ఐపీసుల్లో ఇంకో తిరకాసు. వాటిని తక్కువ రెట్ల దగ్గర పెట్టినప్పుడే మేర బాగా ఇరుకైపోతుంది, చాలావాటిలో 40 డిగ్రీలకి. ఫోటోకి మనం వాడేది సరిగ్గా ఆ కొసే. చూడ్డానికి జూమ్ హాయి, కాదనను. ఫోటోకైతే ఒకే నాభ్యంతరం ఉన్నది మేలు, చవక కూడా.

చివరి కొలత ఐ రిలీఫ్, అంటే చివరి గాజు నుంచి వెలుగు చుక్క ఎంత దూరంలో ఏర్పడుతుందో అది. 15 నుంచి 20 మి.మీ. ఉంటే ఫోనుకి బిగించే అడాప్టరు, రబ్బరు అంచు అన్నీ ఇమిడిపోతాయి. ప్లోజెల్లో ఇది నాభ్యంతరంలో దాదాపు ముప్పాతిక వంతు ఉంటుంది. కాబట్టి 25 మి.మీ. దానికి ఇబ్బంది లేదు, 10 మి.మీ. దానికి 7 మాత్రమే, కష్టం.

కాబట్టి నా సలహా: 20 నుంచి 25 మి.మీ. మధ్యలో, అన్ని ఉపరితలాలకీ పూతలున్న ఒక మామూలు ప్లోజెల్. కొన్ని వేలల్లో అయిపోతుంది. అయితే ఒక షరతు. మీ స్కోపు 1.25 అంగుళాల మామూలు టెలిస్కోపు ఐపీసుల్ని తీసుకోవాలి. పెంటాక్స్ పీఎఫ్ వరసలాంటివి కొన్ని తీసుకుంటాయి. నికాన్, స్వరోవ్‌స్కీ లాంటివాళ్ళు తమ సొంత బిగింపులు పెట్టుకున్నారు, వాటికి వాళ్ళ ఐపీసులే కొనాలి. చవక స్కోపుల్లో కొన్నింటికి ఐపీసు ఊడనే ఊడదు. కాబట్టి స్కోపు కొనేముందే వెనక వైపు తిప్పి చూడండి. డబ్బు కట్టేముందు మీ ఐపీసు పెట్టి దూరపు వస్తువు మీద ఫోకసు కుదురుతోందో లేదో కూడా చూసుకోండి, కొన్ని జతలకి కుదరదు. ఇంకోటి, టెలిస్కోపు ఐపీసుల్లో చాలావాటికి వానని తట్టుకునే ఏర్పాటు ఉండదు. మిగిలిన డబ్బు గట్టి ట్రైపాడ్ మీద పెట్టండి, రెండు సెకన్ల టైమరు పెట్టి నొక్కండి.

ఇంత గొడవ ఎందుకు, కళ్ళారా చూస్తే చాలదా అని అడగొచ్చు. దీనికి మన నెల్లూరులోనే ఒక కథ ఉంది. 1840ల్లో అక్కడ సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్, స్థానిక యానాదుల దగ్గర పిట్టల విషయాలు సేకరించి, తన పుస్తకాల్లో వాటి తెలుగు పేర్లు కూడా రాశాడు. ఆ కాలంలో ఒక పిట్ట ఉందని రుజువు చెయ్యాలంటే దాన్ని కాల్చి, చర్మం వలిచి పెట్టెలో పెట్టాలి. ఏ.ఓ. హ్యూమ్ 1885లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చిన పక్షుల నమూనాలు 75 వేలకు పైమాటే. జెర్డన్ పేరు పెట్టిన మన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో స్థానిక వేటగాళ్ళ సాయంతో మళ్ళీ దొరికింది. అడుగుజాడలు, ఆటోమేటిక్ కెమెరాల సాయంతో అది ఎక్కడెక్కడ తిరుగుతోందో రుజువులు పోగుపడ్డాక, 2005లో దాని పొదల్లోంచి తవ్వుతున్న తెలుగు గంగ కాలవ పనులు వివాదమై, చివరికి కాలవ దారి మార్చారు.

కలివికోడి రాత్రిపూట తిరిగే పిట్ట, దానికి డిజిస్కోపు పనికిరాదు. కానీ సంగతి అదే. రుజువుంటే కాలవ పక్కకి జరుగుతుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన హైదరాబాదు అమీన్‌పూర్ చెరువు లాంటివి ఒకటో రెండో. మిగతా చెరువుల్లో ఏ పిట్టలున్నాయో రాసిపెట్టేవాళ్ళు తక్కువ. ఈ-బర్డ్ లాంటి చోట్ల అరుదైన పిట్ట చూశానని రాస్తే మొదట అడిగేది ఫోటో ఉందా అనే. ఆ ఫోటో తియ్యగలిగేది కారు ఖరీదు లెన్సున్నవాళ్ళు మాత్రమే అయితే, వాళ్ళు వెళ్ళని చెరువులో ఉన్న పిట్టలు లెక్కలోకి రానట్టే. ఊళ్ళో బడిపంతులో, డిగ్రీ చదివే కుర్రాడో ఒక పాత స్కోపుకి ప్లోజెల్ తగిలించి, ఫోను ఆనించి తీసిన మసక ఫోటోలో ముక్కు వంపు, కాళ్ళ రంగు తెలిస్తే అది రుజువే.

ఆ ఫోటోకి కావలసిన గాజు డిజైను 1860లోనే సిద్ధమైంది. మీ స్కోపు మోడలూ, దాని నాభ్యంతరమూ చెబితే మీకే ఐపీసు సరిపోతుందో లెక్క కట్టి చెబుతాను. ఈ శీతాకాలం వలస పిట్టలు దిగేలోపు కొనేసుకోవచ్చు.